వినడానికి వచ్చిన మనిషి

నా గొంతు ఒక్కరోజులో పోలేదు. మొదట జలుబు అనుకున్నాను. తర్వాత సుద్దముక్కల దుమ్ము అనుకున్నాను. ఆ తర్వాత ఆదిలాబాద్ చలి మీద నెట్టాను. ఆ జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో నేను సాంఘికశాస్త్రం చెబుతాను. ఇల్లు మాత్రం కరీంనగర్‌లో. బదిలీ అయినప్పటి నుంచి ఆదిలాబాద్‌లో ఒక గది తీసుకుని ఉంటున్నాను. శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి రావడం, ఒక్క ఆదివారం ఉతుకులూ వంటలూ చూసుకుని మళ్లీ బస్సెక్కడం. వచ్చేటప్పుడు కొండగట్టు గుడి కమాను దగ్గర బస్సులో అందరి చేతులూ దండం పెట్టడానికి లేస్తాయి. ఆ కదలికకే నాకు మెలకువ వచ్చేది. ఇల్లు దగ్గరపడిందన్న సంతోషం కూడా ఉండేది కాదు. దిగి, సంచులు మోసుకుని, ఆటో మాట్లాడుకోవాలి కదా అనిపించేది.

ఒకరోజు తొమ్మిదో తరగతిలో నదుల పాఠం చెబుతున్నాను. గోదావరి ఎక్కడ పుట్టిందో చెప్పాను. అక్కడి నుంచి కిందికి దిగుతూ ఉండగా నా పెదాలు కదులుతున్నాయి గాని మాట రావడం లేదని నాకే తెలిసింది. పిల్లలు అల్లరి ఆపేశారు. ముందు బెంచీలో కూర్చున్న అమ్మాయి మెల్లగా లేచి నిలబడింది.

"టీచర్, వినవస్తలేదు."

ఆ మాట వాళ్లు ఎన్నోసార్లు అన్నదే. అప్పుడల్లా నేను ఇంకా గట్టిగా అరిచేదాన్ని. ఆ రోజు అరవడానికి ఏమీ మిగల్లేదు.

కరీంనగర్‌లో చెవి, ముక్కు, గొంతు డాక్టరు ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి చూశాడు. తెర మీద నా గొంతు లోపలి భాగం ఎర్రగా, తడిగా కనిపించింది.

"స్వరపేటిక లోపట కాయలు లేచినయ్, టీచరమ్మా," అన్నాడు. "నెలన్నర మాట్లాడొద్దు. గుసగుస గూడ వద్దు. పాట అయితె అసలే వద్దు."

మా ఆయన పక్కనే ఉన్నాడు. "పాట గూడనా సార్? మా చర్చిల పాటలన్నీ ఈమెనే ఎత్తుకోవాలె."

"ఇంకెవలన్న ఎత్తుకుంటరు తియ్యుండ్రి."

పెళ్లయి కరీంనగర్ వచ్చినప్పటి నుంచీ మా చర్చిలో పాట ఎత్తుకునేది నేనే. డాక్టరు ఆ మాట అనగానే బాధ కలగాలి. నాకు ముందు కలిగింది మాత్రం ఊరట. ఎవరో నా భుజం మీద నుంచి మూట దించినట్టు. బాధ తర్వాత వచ్చింది. ఆటోలో, గంగాళాలు అమ్మే వీధి దాటుతున్నప్పుడు.

బడికి సెలవు పెట్టి ఇంట్లో ఉండిపోయాను. మా అమ్మాయి తన చిన్నప్పటి పలక అటక మీద నుంచి తీసి తుడిచి ఇచ్చింది. ఏం కావాలన్నా దాని మీద రాసి చూపాలి. ఇంట్లో మాట్లాడని మనిషి ఉంటే ఆ ఇంటి మాటలన్నీ ఆ మనిషి దగ్గరికే వస్తాయని అప్పుడే తెలిసింది. మా ఆయన కరెంటు ఆఫీసు నుంచి వచ్చి పొద్దంతా జరిగినవన్నీ చెప్పేవాడు. పక్కింటావిడ వచ్చి కోడలి గురించి చెప్పేది. మధ్యలో ఆపలేను, లేచిపోలేను. తల ఊపి ఊపి మెడ నొప్పి పుట్టేది.

నా మొహం చూసి మా అమ్మాయికే జాలి వేసిందేమో, ఫోనులో ఏదో నొక్కి ఇయర్‌ఫోన్లు నా చెవుల్లో పెట్టింది.

"అమ్మా, శాస్త్రీయ సంగీతం విను. కొత్తగ షురూ చేసేటోళ్ల కోసమే పెట్టిండ్రు గివి. మనసుకు మంచిగుంటదట."

విన్నాను. ఒక గాయని ఒకే అక్షరాన్ని పట్టుకుని ఎక్కుతూ దిగుతూ ఉంది. ఎప్పుడు మొదలయిందో, పాట ఎప్పుడు వస్తుందో తెలియలేదు. వచ్చిందనుకునేసరికి మృదంగం ఒక్కటే మోగడం మొదలయింది. మధ్యలో నిద్రపోయాను. మర్నాడు ఇంకొకటి, ఆ మర్నాడు మరొకటి. ఏది విన్నా ముందు విన్నదానిలాగే ఉంది. చుట్టాల పెళ్లిలో పేర్లు తెలియని జనం మధ్య కూర్చున్నట్టుగా ఉండేది. పలక మీద "నాకు రాదు" అని రాసి మా అమ్మాయికి ఫోను ఇచ్చేశాను.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉండేవాడు. వయొలిన్ నేర్పే సారు. సుల్తానాబాద్ దగ్గర భూములూ రైసుమిల్లూ ఉన్న ఇంట్లో పుట్టి, అన్నదమ్ములు మిల్లు చూసుకుంటుంటే తాను మాత్రం వయొలిన్ పట్టుకుని, ప్రభుత్వ సంగీత పాఠశాలలో ఉద్యోగం చేసి రిటైరయినవాడు. భార్య పోయి చాలా ఏళ్లయింది. వాకిట్లో రంగు వెలిసిన బోర్డు ఉండేది. అంతకుముందు ఆ ఇంటి ముందు నుంచి ఎన్నిసార్లు నడిచానో. పాలకో కూరగాయలకో పోతూ, లోపలి నుంచి వచ్చే సరిగమలు వింటూ, ఎవరో పిల్లలు తంటాలు పడుతున్నారనుకునేదాన్ని.

ఆ సాయంత్రం ఇంట్లో చుట్టాలు వచ్చి కూర్చున్నారు. వాళ్ల మాటలు తప్పించుకోవడానికి పలక చేతిలో పట్టుకుని బయటికి వచ్చాను. సారు ఇంటి ముందు ఆగాను. తలుపు తీసే ఉంది. చాప మీద ఇద్దరు అమ్మాయిలు వయొలిన్లు పట్టుకుని కూర్చున్నారు. ఆయన కళ్లజోడు పైకి నెట్టి చూశాడు.

"రాండ్రి టీచరమ్మా. ఎవలికి? మీ బిడ్డకా?"

పలక మీద "నాకు" అని రాశాను. కింద "మాట్లాడరాదు, పాడరాదు" అని రాసి గొంతు చూపించాను.

ఆయన పలక చదివాడు. "మరి వయొలిన్ నేర్సుకుంటరా?"

తల అడ్డంగా ఊపాను. తుడిచి, "వినడం నేర్పుతారా" అని రాశాను. ఆ మాట ఇంటి నుంచి అనుకుని పోయింది కాదు. ఏదో ఒకటి రాయాలి కదా అని రాసింది.

ఆయన నవ్వలేదు. మంచం మీద వయొలిన్ పెట్టి అలసిన గొంతుతో అన్నాడు. "ఇన్నేండ్లల్ల నేర్సుకుంటమని వచ్చినోళ్లే గని వింటమని వచ్చినోళ్లు ఒక్కలు లేరు. అందరికి సర్టిఫికెట్ కావాలె. లేకుంటె స్టేజీ కావాలె. కూసోండ్రి."

అట్లా మొదలయింది. రోజూ సాయంత్రం వెళ్లి గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. మొదటి రోజుల్లో ఆయన నాకు పాట వినిపించనే లేదు. బల్ల మీద చిన్న శ్రుతిపెట్టె ఉండేది, రేడియో అంత. దాన్ని ఆన్ చేస్తే తంబురా మోగుతూ ఉంటుంది, అవే స్వరాలు, తిరిగి తిరిగి.

"గిది వినుండ్రి ముందు. గిదే ఇల్లు. పాడేటోడు ఎక్కడెక్కడ తిరిగినా గీ 'స' కాడికే వస్తడు. ఇల్లు యాదికుంటె మనిషి యాడున్నడో తెలుస్తది. లేకుంటె తప్పిపోయినట్టే."

తంబురా వింటూ నిద్రపోయేదాన్ని. సిగ్గుపడి లేస్తే, "పండుకోండ్రి. ఫికర్ లేదు. చెవి పండుకోదు," అనేవాడు. ఆ రోజుల్లో నన్ను నిద్రపొమ్మన్న మనిషి ఆయనొక్కడే.

అమ్మాయిలిద్దరూ పరీక్షకు తయారవుతున్నారు. మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలు మళ్లీ మళ్లీ వాయించేవారు. ఒకటే మెట్లు ఎక్కడం, దిగడం. విసుగు పుట్టేది. కాని వారం గడిచేసరికి నాకు తెలియకుండానే, వాళ్లు తడబడే చోటు వస్తోందంటే నా వేళ్లు ముందుగానే బిగుసుకునేవి.

తర్వాత ఆయన ఒక్క రాగం ఎంచుకున్నాడు. మోహన. "మస్తు వినొద్దు. గిదొక్కటే. ఐదే స్వరాలు. దీంట్ల 'మ' లేదు, 'ని' లేదు. లేనివాటి జాగ ఖాళీగ వినవడాలె మీకు." తన పాత ఫోనులో ఒక చిన్న కీర్తన పెట్టేవాడు. రోజూ అదే. మూడో నాడు అదే కీర్తన వేరే గాయకుడు పాడింది. "మొన్నటిదానికీ దీనికీ ఏం తేడా?" అని అడిగేవాడు. పలక మీద "ఈయన నెమ్మది" అని రాస్తే, "గది సాలు" అనేవాడు. చేత్తో తాళం వేయడం చూపాడు. మొదట్లో నా చెయ్యి ఒక దారి, పాట ఒక దారి. మాటల అర్థం కోసం వెతకొద్దనేవాడు. రాగం పేరు చూసుకుని వినొద్దనేవాడు. "మనిషిని జూసుడు ముందు, పేరు అడుగుడు తర్వాత," అనేవాడు. మా అమ్మాయి ఫోనులో ఎందుకు తప్పిపోయానో అప్పుడు అర్థమయింది. ఊరంతా ఒక్కరోజులో చుట్టి రావాలనుకున్నాను. అది కాళ్ల నొప్పి తప్ప ఇంకేమీ మిగల్చదు.

నెల తిరిగేసరికి ఒక ఆదివారం చర్చికి వెళ్లాను. నేను పాడలేను కాబట్టి ఎవరికీ కనిపించని వెనక బెంచీలో కూర్చున్నాను. ఒక కుర్రావిడ పాట ఎత్తుకుంది. నాకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన పాట. హుస్నాబాద్ దగ్గర మా పల్లెలో మా అవ్వ నాట్లు వేస్తూ పాడిన పాట. బాపు చావుకు పాడిన పాట. లెక్కలేనన్నిసార్లు నేనే ఎత్తుకున్న పాట. ఎప్పుడూ ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, వెనకవాళ్లు అందుకుంటున్నారా, హార్మోనియం అబ్బాయి తొందరపడుతున్నాడా, ఇదే నా ధ్యాస. ఆ రోజు ఏ పనీ లేదు. ఊరికే విన్నాను.

రెండో చరణంలో చెవి ఒక్కసారిగా నిలబడింది. 'మ' లేదు. 'ని' లేదు. ఆ ఖాళీలు నాకు వినిపించాయి.

పక్కన కూర్చున్నావిడ కీర్తనల పుస్తకం తీసుకుని చూశాను. పాట పైన చిన్న అక్షరాలతో మోహన, ఆది తాళం అని ఉంది. మా పుస్తకంలో ప్రతి పాట పైనా అట్లాంటి మాటలేవో ఉంటాయి. చిన్నప్పుడు అవి రాసినవాళ్ల పేర్లనుకునేదాన్ని. పెద్దయ్యాక ఏమీ అనుకోవడం మానేశాను. నాకు ఏడుపు వచ్చింది. గొంతు కదలకుండా ఏడవడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. పక్కావిడ, నేను పాడలేకపోతున్నందుకు ఏడుస్తున్నాననుకుని చెయ్యి పట్టుకుని, "దేవుడు జూస్తుండమ్మా, మళ్ల పాడుతవ్," అంది. చెప్పడానికి పలక ఇంట్లో ఉంది.

సాయంత్రం సారుకు పలక మీద ఇదంతా రాయబోతే చోటు సరిపోలేదు. తుడిచి తుడిచి రాశాను. ఆయన ఓపిగ్గా చదివాడు. చివర "గట్లనా" అని మాత్రం అన్నాడు. లేచి వయొలిన్ తీసుకున్నాడు.

ఆయన తనకోసం వాయించగా నేను అప్పటిదాకా వినలేదు. పిల్లలకు చూపడానికి ఒక ముక్క వాయించి ఆపేసేవాడు. ఆ రోజు అమ్మాయిలు రాలేదు. శ్రుతిపెట్టె ఆన్ చేసి, కళ్లు మూసుకుని మోహన ఎత్తుకున్నాడు. తాళం లేదు, పాట లేదు, రాగం ఒక్కటే. కింద నుంచి మెల్లగా వెతుక్కుంటూ వచ్చాడు. రిషభం మీద ఆగాడు. గాంధారం మీద ఆగాడు. గది చల్లబడినట్టయింది.

పై షడ్జమానికి వెళ్లినప్పుడు నాకు ఏదో తేడాగా వినిపించింది. నా తప్పేమో అనుకున్నాను. ఆయన దిగి మళ్లీ ఎక్కాడు. మళ్లీ అక్కడే. పైన చేరాల్సిన స్వరం ఒక వెంట్రుకవాసి కింద నిలబడిపోయింది. వెనక తంబురా మోగుతూనే ఉంది కనుక దాచడానికి లేదు. మూడోసారి ఎక్కినప్పుడు ఆయన ఎడమచేతి చిటికెనవేలు వణకడం చూశాను. కీళ్లు ఉబ్బి ఉన్నాయి.

ఆయన వయొలిన్ కమాను దించాడు. కళ్లు తెరిచి సూటిగా నన్ను చూశాడు.

"వినవడ్డదా?"

పలక ఒళ్లో ఉంది.

"అడుగుతున్న టీచరమ్మా. పై 'స' అందుతలేదు గదా?"

అబద్ధం రాయొచ్చు. ముప్పై ఏళ్లుగా పిల్లలకు "బాగా రాశావ్" అని చెబుతూ వచ్చిన చెయ్యే కదా. కాని ఆయన అడిగిన తీరు అట్లా లేదు. మెప్పు కోసం అడగలేదు. సుద్ద తీసుకుని "కొంచెం తక్కువ" అని రాసి పలక తిప్పాను.

ఆయన చదివి మెల్లగా తల ఊపాడు. వయొలిన్ పెట్టెలో పెట్టి, దాని మీద పట్టుబట్ట కప్పాడు.

"నాకు వినవడవట్టి ఏడాదాయె. ఆ పోరగాండ్లకు తెలుస్తలేదు. వాళ్ల అవ్వయ్యలకు అంతకన్న తెల్వదు. మిల్లు కాడికి పోతె మా తమ్ముడు, 'ఎంత మంచిగ వాయిస్తున్నవే అన్నా' అంటడు. నా చెవికే ఏమన్న అయిందా అని పరేషాన్ల వడ్డ. చెవి మంచిగనే ఉన్నదన్నట్టు."

తర్వాత ఏం మాట్లాడుకున్నామో, మాట్లాడుకోవడం అంటే ఆయన అనడం నేను రాయడం, అంతా గుర్తులేదు. చాయ్ పెట్టాడు. ఇద్దరం తాగాం. నేను వెళుతుంటే గడప దాకా వచ్చి, "మీరు వినుడు నేర్సిండ్రు. ఇగ నేను చెప్పేది ఏం లేదు," అన్నాడు. ఆయన కోపంగా అనలేదు. వినడం రానప్పుడు ఆయన వాయించింది నాకు బాగుండేది. వినడం వచ్చిన మొదటి ఫలితం ఇదా అనిపించింది.

వారంలో ఆయన అమ్మాయిలిద్దరినీ వేరే టీచరు దగ్గరికి పంపించేశాడు. వాకిట్లో బోర్డు తీయించాడు. నాకూ వెళ్లడానికి మొహం చెల్లలేదు. రెండు రోజులు వెళ్లకపోతే మూడోనాడు ఆయనే మా గేటు దగ్గరికి వచ్చి, "ఏంది, నేను వాయించకుంటె మీరు వినరా?" అన్నాడు. మా ఆయన కుర్చీ వేశాడు. ఆయన కూర్చోలేదు.

అప్పటి నుంచి ఇద్దరం కలిసి రికార్డింగులే వినేవాళ్లం. ఎవరు పాడుతున్నా ఆయన ఎడమచేతి వేళ్లు ఒళ్లో కదులుతూనే ఉండేవి. కొన్నిసార్లు కల్యాణి, కొన్నిసార్లు తోడి. తోడి నాకు ఇప్పటికీ కొరుకుడు పడదు. దాని గాంధారం నీళ్లలో చేపలా జారిపోతుంది. "అందరికి అన్నీ రావాలని ఉన్నదా? నాకు ముప్పై ఏండ్లు పట్టింది," అనేవాడు.

నెలన్నర అయ్యాక డాక్టరు మళ్లీ గొట్టం దింపి చూశాడు. కాయలు తగ్గాయి, పూర్తిగా పోలేదు. మెల్లగా మాట్లాడొచ్చు. క్లాసులో మైకు వాడాలి. పాట మాత్రం ఇక మరిచిపొమ్మన్నాడు. మొదట ఏం మాట్లాడానో తెలుసా? ఆస్పత్రి మెట్ల మీద మా ఆయనతో "ఆటో పిలువు" అన్నాను. గొంతు నాది కాదు. గరుకుగా, ఎవరో ముసలావిడది. మా ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

మళ్లీ ఆదిలాబాద్, మళ్లీ బస్సు. మెడలో చిన్న మైకు, నడుముకు పెట్టె. పిల్లలకు అది ఆట. నేను మాట్లాడి ఆపినా తరగతి గదిలో నా గొంతు ఒక క్షణం మిగిలి ఉన్నట్టనిపిస్తుంది. సాయంత్రం గదికి వచ్చి మంచం మీద పడి అరగంట వింటాను. అంతకంటే ఓపిక లేదు. ఇంటి ఓనరావిడ మరాఠీ సీరియల్ చూస్తూ అవతలి గదిలోంచి, "బాయీ, జర ఆవాజ్ తగ్గియ్యి," అని కేకేస్తుంది. తగ్గిస్తాను. కొన్ని సాయంత్రాలు అసలు వినను. సంగీతం నా బతుకును మార్చిందని ఎవరితోనూ చెప్పను. నడుము నొప్పి అట్లాగే ఉంది. బదిలీ కోసం పెట్టిన అర్జీ ఎక్కడుందో తెలియదు.

మొన్న కరీంనగర్‌లో ఒక శనివారం కచేరీ ఉందంటే సారును తీసుకెళ్లాను. ఆ రోజు సెలవు పెట్టి పొద్దున్నే బస్సెక్కి, దిగి మొహం కడుక్కుని, ఆయన్ను వెంటబెట్టుకుని నేరుగా పోయాను. పెళ్లిళ్లు చేసే హాలు అది. గోడలకు ఇంకా ఎవరి పెళ్లివో కాగితపు పూలు వేలాడుతున్నాయి. జనం లేరు. పాడుతున్నది ముప్పై ఏళ్లు కూడా నిండని అమ్మాయి. ఆమె వెనకాల తంబురా మొదలవగానే సారు సర్దుకుని కూర్చున్నాడు. రెండో పాటకే తల వాలిపోయింది. లేపలేదు.

ఆ అమ్మాయి చివర్లో ఎత్తుకున్న రాగం నాకు తెలియలేదు. మోహన కాదు. కల్యాణి కాదు. ఎక్కడో దిగులుగా ఉంది, అయినా దిగులని అనలేను. ఆమె ఎంతెంత దూరమో పోయింది. ప్రతిసారీ తిరిగి వచ్చింది. పక్కన ఆయన గురక సన్నగా వినిపిస్తోంది. ఆ పొద్దంతా బస్సులో కుదుపులు తిన్న నా ఒళ్లు కుర్చీలో కూలబడి ఉంది. తాళం వేయడానికి చెయ్యి కూడా లేవలేదు.

చప్పట్లకు ఆయన ఉలిక్కిపడి లేచాడు. బయటికి వచ్చి ఆటో కోసం నిలబడ్డాం. భుజం మీద కండువా సర్దుకుంటూ అడిగాడు.

"ఆఖరుకు ఏం పాడింది?"

"తెల్వలేదు సార్," అన్నాను, నా గరుకు గొంతుతో. "పేరు తెల్వలేదు. మంచిగుండె."

"నన్ను లేపకపోయినవ్."

"లేపబుద్ధి గాలే."

ఆటో వచ్చింది. ఆయన్ను ముందు ఎక్కించి, పంచె చక్రంలో పడకుండా లోపలికి మడిచి, నేను పక్కన కూర్చున్నాను.

"ఎట్లుండెనో జర చెప్పు," అన్నాడు.

పాడి చూపించలేను. గాలిలో చెయ్యి పెట్టి, ఆ అమ్మాయి ఎక్కడ ఎక్కిందో, ఎక్కడ నిలబడిందో, ఎట్లా దిగిందో గీసి చూపాను. ఆయన నా చెయ్యినే చూస్తూ, ఆటో కుదుపులకు ఊగుతూ, ఏ రాగమో ఆలోచిస్తూ కూర్చున్నాడు.